ఆపరేషన్ చెన్నైలో, మిగతా మందులు ఊళ్ళో: ట్రమడాల్ నొప్పి బిళ్ళతో ఏవి కలవకూడదు

నెల్లూరు, తిరుపతి, చిత్తూరు వైపు నుంచి మోకాలికో నడుముకో ఆపరేషన్ అంటే చాలామంది చెన్నైకే వస్తారు. నాలుగైదు రోజులు ఆసుపత్రిలో, ఇంకో వారం పక్క సందులో లాడ్జిలో, తర్వాత సెంట్రల్‌లో రైలెక్కి ఊరికి. చేతిలో డిశ్చార్జి కాగితం, కవరు నిండా బిళ్ళలు. ఆ కవర్లో తరచూ కనబడేది ట్రమడాల్, పారాసిటమాల్ కలిపిన నొప్పి బిళ్ళ. అల్ట్రాసెట్ అన్న పేరు ఎక్కువమందికి తెలుసు, అదే కూర్పుతో వేరే పేర్లూ బోలెడున్నాయి. ఒక్కో బిళ్ళలో ట్రమడాల్ 37.5 మిల్లీగ్రాములు, పారాసిటమాల్ 325 మిల్లీగ్రాములు ఉంటాయి.

ఆ బిళ్ళ రాసిన డాక్టరు తను రాసిన మిగతా వాటితో సరిచూసుకునే రాస్తారు. తేడా వచ్చేదల్లా ఆయన కంటపడని మందులతో. ఊళ్ళో ఏడాదిగా వేసుకుంటున్న నిద్ర బిళ్ళ, జలుబు చేస్తే వీధి చివర షాపులో అడిగి తెచ్చుకున్నది, అమెరికా నుంచి అల్లుడు తెచ్చిన సీసా, ఇవన్నీ ఆ కోవలోవే. వాటిని ఇంట్లో కూర్చుని ఎలా సరిచూసుకోవాలో, డాక్టరుకు ఏం చెప్పాలో ఇక్కడ చూద్దాం. ఇది చదివి ఏ మందూ సొంతంగా మానేయొద్దు. కొన్ని మందులు ఉన్నట్టుండి ఆపితే వాడినదానికంటే ఎక్కువ నష్టం.

ముందు అన్నీ ఒకచోట పెట్టండి

ఫ్రిజ్ మీద డబ్బా, దిండు కింద షీటు, హ్యాండ్‌బ్యాగులో సగం కత్తిరించిన ముక్క, పూజ గదిలో ఆయుర్వేదం సీసా, అన్నీ తెచ్చి మంచం మీద పరచండి. రోజూ వేసుకునేవే కాదు, 'ఎప్పుడైనా అవసరమైతే' అని దాచినవి కూడా. గొడవంతా సాధారణంగా ఆ రెండో రకంతోనే.

మన ఇళ్ళల్లో మందులకు పేర్లుండవు, పనులుంటాయి: బీపీ బిళ్ళ, షుగర్ బిళ్ళ, నరాల బిళ్ళ, గ్యాస్ బిళ్ళ. డాక్టరు 'ఇంకేం వాడుతున్నారమ్మా' అంటే 'గ్యాస్ బిళ్ళ ఒకటి సార్' అని ఊరుకుంటాం. ఆయన కడుపులో ఆమ్లం తగ్గించే పాంటాప్రజోల్ అనుకుంటారు. కానీ గ్యాస్‌కని ఇచ్చే వాటిలో క్లోర్‌డయాజిపాక్సైడ్, క్లిడినియం కలిసినవి ఉన్నాయి. ఆ మొదటిది అల్‌ప్రజోలమ్ అనే నిద్ర బిళ్ళ కుటుంబానికి చెందిన మత్తు మందు. నరాల బిళ్ళ అంటే ఒక ఇంట్లో ఉత్తి బీ12 విటమిన్, పక్కింట్లో మత్తు తెచ్చే ప్రెగాబాలిన్. కాబట్టి ముద్దు పేర్లు పక్కనబెట్టి షీటు వెనక్కి తిప్పండి.

పెద్ద అక్షరాల్లో ఉండేది కంపెనీ పెట్టిన పేరు. దాని కింద చిన్న అక్షరాల్లో, 'ఒక్కో బిళ్ళలో ఉన్నవి' అన్న వరుసలో ఉండేదే అసలు మందు. వెండి రంగు రేకు మీద ఆ అక్షరాలు కనబడి చావవు. ఫోన్‌తో ఫొటో తీసి పెద్దది చేసి చూడండి. ప్రతి మందూ పేరు, మిల్లీగ్రాములు, రోజుకు ఎన్నిసార్లు అని ఒక కాగితం మీద రాయండి. షీటు కత్తిరించేటప్పుడు పేరు, గడువు తేదీ ఉన్న ముక్క చివరిదాకా ఉండేలా రెండో కొసనుంచి వాడుకుంటూ రండి.

ఒక గుర్తు తెలుసుకుంటే పని తేలికవుతుంది. ఎర్ర రంగులో 'ఎన్‌ఆర్‌ఎక్స్' (NRx) అని ఉంటే అది మాదకద్రవ్యాల చట్టం కిందికి వచ్చే మందు. ట్రమడాల్‌ను 2018 ఏప్రిల్‌లో ఆ చట్టం కిందికి తెచ్చారు. మందుల నియమాల్లో అది షెడ్యూల్ హెచ్1 జాబితాలోనూ ఉంది. అంటే చీటీ లేకుండా అమ్మకూడదు, అమ్మితే షాపువాళ్ళు రిజిస్టర్లో రాసుకుని మూడేళ్ళు ఉంచాలి. చాలా నిద్ర బిళ్ళలకూ ఇదే వర్తిస్తుంది. మీ మంచం మీద ఈ ఎర్ర గుర్తున్న షీట్లు రెండు కనబడితే, అవి రెండూ ఒకే డాక్టరు రాసినవా కాదా అన్నది తేలేదాకా కలిపి వేసుకోవద్దు.

పారాసిటమాల్ లెక్క

ట్రమడాల్ పేరు వినగానే అందరూ భయపడతారు. లోపలున్న పారాసిటమాల్‌ను ఎవరూ పట్టించుకోరు. కానీ పొరపాటు ఎక్కువ జరిగేది దానితోనే, ఎందుకంటే అది ప్రతి షీటులోనూ దాక్కుని ఉంటుంది.

ఒక లెక్క వేద్దాం. డిశ్చార్జి కాగితంలో నొప్పి బిళ్ళ రోజుకు మూడు: పారాసిటమాల్ 325 చొప్పున 975 మిల్లీగ్రాములు. జ్వరం వస్తే డోలో 650 (650 మిల్లీగ్రాముల పారాసిటమాల్) అని రాశారు, ఒళ్ళు వెచ్చగా ఉందని నాలుగు పడ్డాయి: 2600. మొత్తం 3575. ఇక్కడిదాకా ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళకు 24 గంటల గరిష్ఠ పరిమితి అయిన 4000 లోపలే. ఊరికి వచ్చాక 'వాపు తగ్గడం లేదు' అంటే ఊళ్ళో డాక్టరు జీరోడాల్ ఎస్‌పీ అనే వాపు, నొప్పి బిళ్ళ రోజుకు రెండు ఇచ్చారు. దాంట్లోనూ ఒక్కోదానికి 325 ఉంది, అంటే 650. మొత్తం 4225. ఎవరూ తప్పు చేయలేదు, లెక్క మాత్రం దాటింది. మధ్యలో జలుబని ఒక కోల్డ్ ట్యాబ్లెట్ వేసుకుంటే చాలావాటిలో ఇంకో 500.

4000 అన్నది అందరికీ కాదు. బక్కపలచటి ముసలివాళ్ళు, రోజూ మద్యం తాగేవాళ్ళు, కాలేయం దెబ్బతిన్నవాళ్ళు, నాలుగు రోజులుగా తిండి సరిగా తిననివాళ్ళు, వీళ్ళకు డాక్టర్లు 2000 నుంచి 3000 దగ్గరే ఆపుతారు. కారణం ఇది: పారాసిటమాల్‌లో కొంత భాగం కాలేయంలో విషపదార్థంగా మారుతుంది. గ్లూటాథయోన్ అనే నిల్వ ఆ విషాన్ని విరిచేస్తుంది. పస్తులున్నవాళ్ళకు, తాగుడు ఉన్నవాళ్ళకు ఆ నిల్వే తక్కువ. ఇంకా చిక్కేమిటంటే మోతాదు దాటిన మొదటి రోజు ఏమీ తెలియదు, మహా అయితే వికారం. కళ్ళు పచ్చబడే వేళకు రోజులు గడిచిపోతాయి. విరుగుడు ఉంది, ఎన్-ఎసిటైల్‌సిస్టీన్ అంటారు. అది 8 గంటల్లోపు మొదలైతే బాగా పనిచేస్తుంది. అందుకని మోతాదు బాగా దాటిందని లెక్కలో తేలితే బాధ మొదలయ్యేదాకా ఆగకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి.

అమెరికా సీసాల సంగతి విడిగా చెప్పాలి. అక్కడ పారాసిటమాల్‌ను ఎసిటమినోఫెన్ అంటారు. టైలెనాల్ అంటే అదే. టైలెనాల్ పీఎంలో దానితోపాటు నిద్రమత్తు తెచ్చే డైఫెన్‌హైడ్రమిన్ కూడా ఉంటుంది. నైక్విల్ జలుబు సిరప్ అయితే ఒక్క సీసాలో మూడు తగాదాలు: ఎసిటమినోఫెన్, మత్తు తెచ్చే డాక్సిలమిన్, ట్రమడాల్‌తో అస్సలు పడని డెక్స్‌ట్రోమెథార్ఫాన్. ట్రమడాల్ వాడినన్ని రోజులు ఆ సీసాలు బీరువాలో పెట్టి తాళం వేయండి.

చెన్నైలో మందుల షాపులో తెలుగు అర్థం చేసుకునేవాళ్ళు చాలాచోట్ల దొరుకుతారు. దొరక్కపోతే ఈ ఒక్క ముక్క చాలు: 'ఇదుల పారాసిటమాల్ ఇరుక్కా?' (దీంట్లో పారాసిటమాల్ ఉందా?)

మత్తు మీద మత్తు

ట్రమడాల్ ఓపియాయిడ్ తరగతి మందు, నల్లమందుకు దూరపు చుట్టం. ఒంటరిగా మామూలు మోతాదులో శ్వాసను పెద్దగా తగ్గించదు. పక్కన ఇంకో మత్తు మందు చేరితే రెండూ ఒకదాన్నొకటి ఎగదోస్తాయి. అల్‌ప్రజోలమ్, క్లోనజిపామ్, ఎటిజోలమ్, జోల్పిడెమ్ లాంటి నిద్ర, ఆందోళన మందులన్నీ ఈ గుంపే. వీటిలో చాలావరకు చేరే బెంజోడయాజిపైన్ తరగతి మందులను ఓపియాయిడ్లతో కలపడం మీద అమెరికా మందుల నియంత్రణ సంస్థ 2016లో, మందు సమాచార పత్రంలో నల్ల గడి కట్టి వేసే అతి తీవ్రమైన హెచ్చరిక పెట్టింది.

అందరికీ తెలిసిన నిద్ర బిళ్ళ కంటే తెలియనివే ఎక్కువ ఇబ్బంది. నడుము నొప్పికి, కాలు లాగడానికి ఇచ్చే ప్రెగాబాలిన్, గాబాపెంటిన్ ఆ కోవలోవి. ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవాళ్ళలో, ముసలివాళ్ళలో, ఓపియాయిడ్‌తో కలిపినప్పుడు ఇవి ఊపిరిని నెమ్మదింపజేస్తాయని 2019లో హెచ్చరిక వచ్చింది. మన దగ్గర ప్రెగాబాలిన్ 75తో నార్‌ట్రిప్టిలిన్ 10 కలిపిన బిళ్ళ బాగా రాస్తారు. దాంతో మత్తూ ఉంది, ఫిట్స్ ప్రమాదమూ ఉంది. వెన్ను డాక్టర్లు ట్రమడాల్‌తోపాటే దీన్ని రాయడం మామూలే, తెలిసే రాస్తారు, మోతాదు తక్కువ పెడతారు. ఊళ్ళో పాత చీటీ మీద ఇంకో ప్రెగాబాలిన్ కూడా నడుస్తుంటే అది రెట్టింపవుతుంది. షీట్లు పరిచి చూడమనడం ఇందుకే.

జలుబు బిళ్ళల్లోని క్లోర్‌ఫెనిరమిన్, కండరాలు వదులు చేసే టిజానిడిన్, వాంతులకిచ్చే ప్రొమెథజిన్, ఇవీ మత్తువే. ఆల్కహాల్ సంగతి చెప్పేదేముంది, బిళ్ళ వాడినన్ని రోజులూ ఒక్క చుక్కా వద్దు. 'సాయంత్రం బిళ్ళ మానేసి పెగ్గు వేసుకుంటా' అనే లెక్క పనికిరాదు, మధ్యాహ్నం వేసుకున్నది రాత్రికీ ఒంట్లోనే ఉంటుంది.

ఇంట్లో గమనించాల్సింది మొదటి రెండు మూడు రాత్రులు, మోతాదు పెంచిన రోజు. మనిషి గాఢంగా గురక పెడుతుంటే 'పాపం, ఇన్నాళ్ళకు నిద్ర పట్టింది' అని తలుపు దగ్గరగా వేసి వెళ్ళిపోతారు. ఆ గురక ఎప్పటిలా లేకుండా గరగరమంటూ మధ్యలో ఆగి ఆగి వస్తుంటే అది నిద్ర కాదు. పక్కన కూర్చుని గడియారం పెట్టుకుని ఒక నిమిషం పూర్తిగా ఛాతీ ఎన్నిసార్లు లేస్తుందో లెక్కపెట్టండి. పెద్దవాళ్ళకు 12 నుంచి 20 మామూలు. 10 కంటే తక్కువైనా, భుజం గట్టిగా తట్టి పిలిచినా కళ్ళు తెరవకపోయినా, పెదవులు నీలంగా మారినా 108కి ఫోన్ చేయండి. తమిళనాడులోనూ ఆంధ్రలోనూ అదే నంబరు. కోవిడ్ రోజుల్లో కొన్న పల్స్ ఆక్సీమీటర్ ఉంటే పెట్టండి, కానీ అంకె బాగుందని ధైర్యపడొద్దు. శ్వాస లెక్కే ముందు తగ్గుతుంది, ఆక్సిజన్ తర్వాత పడుతుంది.

బండి వచ్చేలోగా మనిషిని ఒక పక్కకు ఒత్తిగిల్లేలా పడుకోబెట్టండి. మజ్జిగో చింతపండు నీళ్ళో తాగించి కక్కించాలని చూడొద్దు, అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఇంట్లో ఉన్న షీట్లన్నీ సంచిలో వేసి వెంట పంపండి. ఆసుపత్రిలో నాలాక్సోన్ ఇస్తారు. ట్రమడాల్‌కు అది సగమే విరుగుడు, అందుకే ఏ మందు ఎంత పడిందో తెలియడం అంత ముఖ్యం.

వలి, వలిప్పు

తమిళంలో వలి అంటే నొప్పి, వలిప్పు అంటే ఫిట్స్. ఆ చివరి అక్షరం ట్రమడాల్ విషయంలో ప్రాణం మీదికొచ్చే తేడా. ట్రమడాల్ మెదడులో ఫిట్స్‌ను ఆపే కట్టను కాస్త కిందికి దించుతుంది. ఎప్పుడో చిన్నప్పుడు వచ్చి ఆగిపోయినా సరే డాక్టరుకు చెప్పాలి: 'ఎనక్కు మున్నాడి వలిప్పు వందిరుక్కు' (నాకు ఇంతకుముందు ఫిట్స్ వచ్చాయి). దిగులుకిచ్చే బుప్రోపియాన్, అమిట్రిప్టిలిన్ లాంటివి, కొన్ని మానసిక జబ్బుల మందులు తోడైతే ఆ ప్రమాదం పెరుగుతుంది. ఫిట్స్‌కని కార్బమాజెపైన్ వాడేవాళ్ళకు ట్రమడాల్ ఇవ్వడం రెండు విధాలా నష్టం: ఆ మందు ట్రమడాల్‌ను త్వరగా కరిగించి నొప్పి తగ్గనివ్వదు, జబ్బు చూస్తే ఫిట్స్. వేరే నొప్పి మందు అడగండి.

సెరటోనిన్ గొడవ

పాత ఓపియాయిడ్లలో చాలావాటికి లేని గుణం ట్రమడాల్‌కు ఒకటుంది. అది మెదడులో సెరటోనిన్ అనే రసాయనాన్నీ పెంచుతుంది. దిగులుకు, ఆందోళనకు ఇచ్చే ఎస్‌సిటలోప్రామ్, సెర్ట్రాలిన్, ఫ్లూఓక్సెటిన్, పారోక్సెటిన్, షుగర్ వల్ల వచ్చే కాళ్ళ మంటలకిచ్చే డ్యులాక్సెటిన్, ఇవీ దాన్నే పెంచుతాయి. రెండూ కలిస్తే మితిమీరొచ్చు. మానసిక మందులు వాడుతున్నామని చెప్పడానికి మనవాళ్ళు సిగ్గుపడతారు, పక్కన కోడలు ఉంటే అసలే చెప్పరు. డాక్టరుతో ఒంటరిగా ఒక నిమిషం అడిగి తీసుకునైనా చెప్పండి.

మితిమీరితే ఎలా తెలుస్తుంది? కొత్త మందు మొదలుపెట్టిన లేదా మోతాదు పెంచిన 24 గంటల్లోపే ఎక్కువగా బయటపడుతుంది. చేతులు వణుకు, ఒళ్ళంతా చెమట, విరేచనాలు, కుదురుగా కూర్చోలేకపోవడం, పాదాన్ని పైకి వంచి పట్టుకుంటే దానంతటదే టకటకా కొట్టుకోవడం. జ్వరం, అయోమయం కూడా చేరితే ఆలస్యం చేయకూడదు. 'ఆపరేషన్ జ్వరంలే' అని ఇంకో డోలో వేస్తే పని చెడుతుంది.

ఈ గుంపులో అనుకోని వాళ్ళు ముగ్గురు. ఒకటి లినెజోలిడ్, గాయం చీము పట్టినప్పుడు, మొండి టీబీకి ఇచ్చే యాంటీబయాటిక్. అది సెరటోనిన్‌ను కరిగించే ఎంజైమునే అడ్డుకుంటుంది. కుట్ల దగ్గర ఇన్‌ఫెక్షన్ వచ్చి దీన్ని ఊళ్ళో మొదలుపెడితే, నొప్పికి ట్రమడాల్ నడుస్తోందని ఆ డాక్టరుకు తప్పక చెప్పాలి. రెండు, పార్కిన్సన్స్‌కి ఇచ్చే సెలెజిలిన్, రాసజిలిన్. ఈ తరగతి మందులు మానిన 14 రోజుల వరకు ట్రమడాల్ ముట్టుకోకూడదు. మూడు, పొడి దగ్గు సిరప్పుల్లోని డెక్స్‌ట్రోమెథార్ఫాన్.

నొప్పి తగ్గడం లేదంటే

ట్రమడాల్ ఉన్నదున్నట్టుగా సగమే పనిచేస్తుంది. కాలేయంలో సీవైపీ2డీ6 అనే ఎంజైము దాన్ని అసలైన నొప్పి మందుగా మార్చాలి. కోడీన్ కూడా అంతే, అక్కడే మార్ఫిన్ అవుతుంది. ఫ్లూఓక్సెటిన్, పారోక్సెటిన్, బుప్రోపియాన్ ఆ ఎంజైమును కట్టేస్తాయి. అప్పుడు నొప్పి తగ్గదు, మారని ట్రమడాల్ మాత్రం పేరుకుపోయి సెరటోనిన్‌నూ ఫిట్స్ ప్రమాదాన్నీ పెంచుతుంది. 'ఒకటి చాలడం లేదు, రెండు వేసుకుందాం' అనుకునేది సరిగ్గా ఇక్కడే. ఫ్లూఓక్సెటిన్ మానేసినా దాని ప్రభావం వారాల తరబడి ఉంటుంది కాబట్టి నిన్న ఆపి ఇవాళ ట్రమడాల్ అంటే కుదరదు.

కొందరిలో పుట్టుకతోనే ఆ ఎంజైము మరీ జోరుగా ఉంటుంది. వాళ్ళకు మామూలు మోతాదే ఎక్కువైపోతుంది. 12 ఏళ్ళలోపు పిల్లలకు ట్రమడాల్, కోడీన్ వద్దని, పాలిచ్చే తల్లులు వాడొద్దని 2017లో వచ్చిన హెచ్చరికలకు కారణం అదే. తాతయ్య బిళ్ళ సగం విరిచి మనవడికి వేయడం అన్నది ఎట్టి పరిస్థితిలోనూ వద్దు.

టీబీకి రిఫాంపిసిన్ వాడుతుంటే ట్రమడాల్ త్వరగా కరిగిపోయి నొప్పి తగ్గదు. క్లారిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్, ఫంగస్‌కిచ్చే ఇట్రాకొనజోల్ లాంటివి పక్కనుంటే ఉల్టా, ఒంట్లో దాని మోతాదు పెరుగుతుంది. వాంతులకిచ్చే ఆండాన్‌సెట్రాన్ కూడా ట్రమడాల్ నొప్పిని తగ్గించే శక్తిని కొంత కోసేస్తుంది. ట్రమడాల్‌తో వాంతులు మామూలే, ఆండాన్‌సెట్రాన్ రాయడమూ మామూలే. రెండూ పడ్డాక నొప్పి ఆగకపోతే బిళ్ళ పెంచకుండా ఆ సంగతి డాక్టరుకు చెప్పండి.

మిగతావి, గబగబా

గుండె వాల్వు మార్చినవాళ్ళు రక్తం పల్చబడటానికి వాడే వార్ఫరిన్, అసిట్రోమ్‌తో జాగ్రత్త. ట్రమడాల్, రోజూ పడే పారాసిటమాల్ రెండూ రక్తాన్ని ఇంకా పల్చన చేస్తాయి. బిళ్ళ మొదలుపెట్టిన 3 నుంచి 5 రోజుల్లో ఒకసారి, ఆపాక ఒకసారి రక్తం ఎంత పల్చబడిందో చూపే ఐఎన్‌ఆర్ పరీక్ష చేయించండి. చిగుళ్ళ రక్తం, నల్ల విరేచనం కనబడితే ఆగొద్దు. మోకాలి ఆపరేషన్ తర్వాత రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందు నడుస్తుండగా ఊళ్ళో అసిక్లోఫెనాక్, డైక్లోఫెనాక్ లాంటి వాపు, నొప్పి బిళ్ళలు కలవడం ఇంకో ప్రమాదం.

షుగర్‌కు ఇన్సులిన్, గ్లిమెపిరైడ్ వాడేవాళ్ళలో ట్రమడాల్ షుగర్‌ను పడగొట్టవచ్చు. ఆపరేషన్ తర్వాత తిండీ తక్కువే. మొదటి వారం పది రోజులు రోజుకు రెండుసార్లు చూసుకోండి. చెమటలు, మగత వస్తే నొప్పి బిళ్ళ మత్తు అనుకోకుండా ముందు వేలు గుచ్చి చూడండి.

కడుపు నొప్పికిచ్చే, ట్రమడాల్, డైసైక్లోమిన్, పారాసిటమాల్ మూడూ కలిసిన క్యాప్సూల్ ఉంది. ప్రోస్టేట్ పెరిగిన పెద్దాయనకు అది మూత్రం ఆపేయగలదు. కిడ్నీ బాగా దెబ్బతిన్నవాళ్ళకు ట్రమడాల్ బిళ్ళల మధ్య ఎడం 12 గంటలదాకా పెంచాల్సి వస్తుంది. క్రియాటినిన్ రిపోర్టు చూపించకుండా ఈ బిళ్ళ తీసుకోవద్దు. టాపెంటడాల్ అని వేరే బిళ్ళ రాస్తే ఎంజైము గొడవ తగ్గుతుంది గానీ మత్తు, సెరటోనిన్ జాగ్రత్తలు అలాగే ఉంటాయి.

ఫోన్లో డాక్టరుకు ఏం చెప్పాలి

'సార్, ఇవి కలిపి వేసుకోవచ్చా' అని అడిగితే 'ఏవి?' అన్న దగ్గరే ఆగిపోతుంది. రాసుకున్న కాగితం ఫొటో ముందు పంపండి. తర్వాత ఐదు ముక్కలు చెప్పండి: వయసు, బరువు. కిడ్నీ, కాలేయం, ఫిట్స్, గురక జబ్బు ఉందా లేదా. మద్యం అలవాటు. రోజుకు పారాసిటమాల్ మొత్తం ఎంత. కొత్తగా చేరిన మందు ఏది, ఎప్పుడు మొదలైంది. ఆపరేషన్ చేసిన డాక్టరు దొరకకపోతే డిశ్చార్జి కాగితం మీదున్న ఆసుపత్రి నంబరుకు చేసి ఫార్మసీ విభాగాన్ని అడగండి. పెద్ద ఆసుపత్రుల్లో మందుల పొంతన చూసేవాళ్ళు ఉంటారు.

ఐదారు రోజులు వాడి ఆపేస్తే ఏమీ కాదు. మూడు నాలుగు వారాలు రోజూ వాడినవాళ్ళు ఒక్కసారిగా ఆపితే చెమటలు, కడుపులో తిప్పడం, నిద్ర లేకపోవడం, ఒళ్ళు నొప్పులు వస్తాయి. దాన్ని పాత నొప్పే తిరగబెట్టిందనుకుని మళ్ళీ మొదలుపెడతారు. ఎలా తగ్గించుకుంటూ రావాలో రాయించుకోండి.

మిగిలిన బిళ్ళలు పక్కింటావిడ నడుముకు పనికొస్తాయని దాచొద్దు. ఆవిడ మంచం మీద ఏ షీట్లున్నాయో మీకు తెలియదు. బిళ్ళలు రేకులోంచి తీసి, ఫిల్టర్ కాఫీ డికాషన్ దిగాక మిగిలిన పిప్పిలో కలిపి, కవర్లో మూటకట్టి చెత్తలో వేయండి. ఖాళీ షీటు మీద పేరును పెన్నుతో కొట్టేయండి. డిశ్చార్జి కాగితం మాత్రం పారేయొద్దు, రెండో మోకాలికి వచ్చినప్పుడు దానితో పని పడుతుంది.